ఫిర్యాదు పాఠం

ఆ బుధవారం నాటికి మసరత్ వేసుకొన్న పథకం చాలా సాదాగా ఉండింది. ప్రొద్దుటూరులో మొదటి బస్సు ఎక్కి జమ్మలమడుగు చేరుకోవాలి. జూనియర్ కళాశాలలో తన వొకేషనల్ తరగతి గదిని అంగడిలాగా సర్దించాలి. విశ్వవిద్యాలయం పంపిన పరీక్షకుడు వచ్చి వెనుక బెంచీలో కూర్చోగానే పాఠం ఆరంభించాలి. పాఠం నడుమ ఆమె మేనమామ కమాల్ బాషా చెడిపోయిన మిక్సీ చంకన పెట్టుకొని కస్టమర్ వేషంలో వచ్చి పెద్ద రచ్చ చేయాలి. పిల్లలు ఆ రచ్చను చల్లార్చాలి. అంతటితో పరీక్ష ముగుస్తుంది, అందరూ ఇళ్ళకు పోయి భోజనం చేయవచ్చు.

మసరత్ ఆ కళాశాలలో అమ్మకాలు, ఆఫీసు పనులు నేర్పే కాంట్రాక్టు లెక్చరర్. వాణిజ్య, వృత్తివిద్యలు బోధించే ఉపాధ్యాయుల కోసం నడిచే పీజీ కోర్సులో చేరి, వారమంతా పాఠాలు చెప్పి, ఆదివారం వచ్చేసరికి ప్రొద్దుటూరు అధ్యయన కేంద్రంలో తానే బెంచీమీద కూర్చొని పాఠాలు వినేది. కువైట్‌లో ఉన్న భర్త నయీం ఫోను చేసినప్పుడల్లా, "ఇంకా సదువుతానే ఉండావా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, కొంత భయమూ అంతకు మించిన గర్వమూ ఉండేవి. రాతపరీక్షలన్నిటిలోనూ ఆమె కేంద్రానికే మొదటిదిగా నిలిచింది. మిగిలినది ఒక్కటే: పరీక్షకుని ఎదుట, సొంత తరగతిలో, ఒక పాఠం నడిపి చూపడం. నిరుడు అందులోనే తప్పింది.

నిరుడు బయటి పరీక్షకుడు రాక, ఆ కుర్చీలో తానే కూర్చొని తప్పించినవారు కేంద్ర సమన్వయకర్త సీతాపతిగారు. ఆయన దృష్టిలో వృత్తివిద్య అనేది చదువుల ఇంటికి పెరటి తలుపు.

"అంగడోళ్ళ పని నేర్పేదానికి పీజీ ఎందుకమ్మా?" అన్నారు ఆయన నిరుడు, ఆమె పిల్లల ఎదుటే. "నిర్వచనం బోర్డు మీద రాయి. పిల్లోల్లతో సదివించు. చెరిపెయ్యి. దాన్ని పాఠమంటారు. నువ్వు చేసేదాన్ని సంత అంటారు."

ఈసారి కూడా తప్పితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పీజీ పూర్తి చేయనివారికి కాంట్రాక్టు పొడిగించేది లేదని కళాశాల కమిటీ తేల్చి చెప్పింది. అంటే ఈ ఒక్క పాఠం మీద మసరత్ ఉద్యోగమే వేలాడుతూ ఉండింది. అయినా ఆమె నిర్వచనం బోర్డు మీద వ్రాయదలచుకోలేదు. ‘కోపంతో వచ్చిన కస్టమర్‌ను ఆదరించడం’ అనే పాఠాన్నే ఎంచుకొని, అందుకు కోపంలో చేయి తిరిగిన మనిషిని వెతికింది. ఆ వెదుకులాట పులివెందులలో మేనమామ ఇంటి ముందర ఆగింది. కమాల్ బాషా ఆర్టీసీలో కండక్టరుగా జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. ఈ జిల్లాలో పుట్టిన ప్రతి రకం కోపమూ ఏదో ఒకనాడు ఆయన బస్సు ఎక్కినదే.

"మామా, గుర్తుండాది గదా?" అని ఆమె ఆ పొద్దున బస్సులో కూర్చొని ఫోనులో మరొకసారి గుర్తుచేసింది. "నా పిల్లోల్లు నిన్ను ఎప్పుడూ చూసిండ్లేదు. నిజం కస్టమరే అనుకోవల్ల."

"నీకెందుకు మ్మేయ్, నేను చూసుకుంటా గదా! సఫారీ ఇస్త్రీ చేయించినా. నల్లద్దాలు పెట్టుకున్యా. బస్టాండులో ఇద్దరు లేచి నాకు సీటిచ్చినారు."

"ఎవరు ఎంత మర్యాద చేసినా, ఏమిచ్చినా, వేషం ఇడిసిపెట్టొద్దు. అన్నిటికీ వంకలు పెట్టు. ఫోను ఆఫ్ చేసి పెట్టుకో, నడుమ మోగితే పాఠం చెడిపోతాది."

"బస్సు దిగినప్పట్నుంచే కోపం మొదలుపెడతా, పో. ఒకవేళ నాకు కుదర్లేదనుకో, మా పక్కింటి హెడ్మిస్ట్రెసమ్మను పంపిస్తా. రిటైరై శానా దినాలైంది, ఆమెకు అరిసేదానికి మనిషి దొరకడంల్యా. నాకంటే బాగా అరుస్తాది."

ఈ చివరి మాటను మసరత్ మనసులో ఒక మూలన దాచి పెట్టుకొంది. దాచకుండా ఉంటే ఈ కథ ఇంతటితో ముగిసేది.

ఇక పరీక్షకుని సంగతి. రావలసిన పెద్దమనిషి జబ్బుపడ్డాడనీ, బదులుగా వేరొకరు వస్తున్నారనీ, ముందురోజు పులివెందులలో పరీక్ష ముగించుకొని ఈ పొద్దున బస్సులో జమ్మలమడుగు దిగుతారనీ సీతాపతిగారికి కబురు అందింది. పేరు అందలేదు. పేరు అడగవలసిన అవసరం ఆయనకు తోచనూ లేదు. ఎక్స్‌టర్నల్, అంటే బయటినుండి వచ్చే పరీక్షకుడు, ఎట్లా ఉంటాడో ఆయనకు తెలియనిదా? మగవాడై ఉంటాడు, పొట్ట ఉంటుంది, ముఖాన చిరాకు ఉంటుంది. ఆ మూడు గుర్తులు చాలునని ఆయన అద్దెకారు, బంతిపూల దండ, శాలువా సిద్ధం చేసికొని బస్టాండులో నిలబడ్డారు.

అక్కడ జరిగినది మసరత్ చూడలేదు; తరువాత కమాల్ బాషా పూసగుచ్చినట్లు చెప్పినది. పులివెందుల బస్సు ఆగింది. మొదట దిగినది కమాల్ బాషా. ఇస్త్రీ మడతలు చెదరని సఫారీ, నల్లద్దాలు, చంకలో తువ్వాలు చుట్టిన పెట్టె, ముఖాన బస్సు దిగకముందే సిద్ధం చేసికొన్న కోపం. సీతాపతిగారు ఎగిరినంత పని చేసి దండ వేశారు.

"రండి సార్, రండి! మీకోసమే చూస్తాండాము!"

అబ్బా, మా మసరత్ ఏర్పాట్లు ఎంత గట్టివి, పాఠాన్ని బస్టాండు దాకా తెచ్చింది అనుకొన్నాడు కమాల్ బాషా. వేషం వదలరాదు గదా.

"ఇదేం దండప్పా?" అన్నాడు నల్లద్దాలు పైకెత్తి. "సగం పూలు వాడిపోయినాయి. ఇట్లనేనా మీ కాడ వచ్చినోళ్ళను చూసుకునేది?"

సీతాపతిగారికి మిగిలి ఉన్న సందేహమేదైనా ఉంటే అది అక్కడితో తీరిపోయింది. ఇంత వేగంగా తప్పు పట్టగలిగినవాడు ఎక్స్‌టర్నల్ కాక మరెవరవుతాడు?

కమాల్ బాషా వెనుక, బస్సు మెట్టుమీద, నూలుచీర కట్టుకొన్న సన్నని పెద్దావిడ ఒకామె ఒక చేత్తో కమ్మీ, మరొక చేత్తో సంచీ పట్టుకొని దిగడానికి చోటు కోసం చూస్తూ ఉండింది. దండ సర్దుతున్న సీతాపతిగారి మోచేయి ఆమెకు అడ్డమైంది.

"జరగమ్మా, పెద్దమనుషులు దిగుతాండేది కనపళ్ళేదా?" అన్నారాయన, వెనుదిరిగి చూడకుండానే.

ఆమె జరిగింది. జరగడంలో కాలు జారింది, చెప్పు తెగింది, చేతిలోని సంచి మెట్టుమీదనే ఉండిపోయింది. కండక్టరు ఈల వేశాడు. బస్సు ఆ సంచితో సహా ప్రొద్దుటూరు దారి పట్టింది. సంచిలో ఆమె కళ్ళద్దాలు ఉన్నాయి, బీపీ మాత్రలు ఉన్నాయి, ఫోను ఉంది.

ఆమె పేరు డాక్టర్ ఆండాళ్. తిరుపతిలో ప్రొఫెసరుగా పనిచేసి రిటైరైన మనిషి. పరీక్షించవలసినవారి కారు ఎక్కకూడదనే నియమాన్ని ఉద్యోగకాలమంతా తప్పలేదు కాబట్టే బస్సులో వచ్చింది. ఆ రోజు ఎక్స్‌టర్నల్ ఆమె.

కారులో సీతాపతిగారు పెట్టెను తన ఒళ్ళోనే పెట్టుకొన్నారు. కమాల్ బాషాకు ఇదే అదను అనిపించింది.

"ఆ పెట్టె ఇప్పి చూడప్పా. మీవోళ్ళు అంటగట్టిన మిక్సీ. ఒక్క పూట తిరిగింది, మళ్ళా తిరగలే. ఇట్లాంటిదా మనిషికి ఇచ్చేది?"

సీతాపతిగారి బుర్ర ఆయన మిక్సీకంటే వేగంగా తిరిగింది. నిన్న పరీక్ష పులివెందులలో. అక్కడివాళ్ళు ఎక్స్‌టర్నల్‌కు మిక్సీ పెట్టి పంపారు. అది చెడిపోయింది. ఆయన ఆ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నారు? తమ కేంద్రం పరువు నిలబెట్టుకొనే అవకాశం ఇస్తున్నారు!

"పులివెందులలో జరిగిందానికి మేము సిగ్గుపడతాండాము సార్," అని ఆయన డ్రైవరు భుజం తట్టారు. "ముందర పాత్రల అంగడి కాడ ఆపు. సార్, మిక్సీ ఎందుకు మీకు? గ్రైండరే తీసుకోండి."

బస్సు చినుకులకు కారుతోందని చెప్పుకొంటే గొడుగు తెచ్చుకొమ్మన్న లోకంలో బ్రతికినవాడు కమాల్ బాషా. నోరు తెరచి ఒక్క మాట అంటే మిక్సీకి బదులు గ్రైండరు ఇచ్చే అంగడి భూమిమీద ఉన్నదని ఆయన ఎరుగడు. మసరత్ పిల్లలకు ఎంత గొప్ప చదువు చెబుతున్నదో! కన్నీళ్ళు నల్లద్దాలు దాచాయి. కాని మాట ఇచ్చాడు గదా.

"రంగు బాగలే," అన్నాడు.

రంగు మార్చి మరొకటి ఇచ్చారు.

ఆ తరువాత హోటలు, ఎర్రకారం దోసె. దోసె మెత్తగా ఉందన్నాడు, రెండవది వచ్చింది. కాఫీ చల్లగా ఉందన్నాడు, వేడిది వచ్చింది. సీతాపతిగారు ఈ నడుమ మసరత్‌కు ఫోను చేశారు.

"ఎక్స్‌టర్నల్ సారు నా ఎదురుగానే ఉండారు. శానా ఖచ్చితమైన మనిషి. టిఫిను కాంగానే తోడుకొని వస్తా. నిర్వచనాలు రాసి పెట్టుకున్యావా?"

మసరత్‌కు ఈ ఫోను వచ్చినప్పుడు గది సిద్ధంగా ఉంది. రెండు బల్లలు కలిపి కౌంటరు చేశారు. హాసిని, ఫిర్దోస్, వలి బాషా దాని వెనుక నిలబడ్డారు. మిగిలిన పిల్లలు బెంచీలలో. వాళ్ళకు ఆమె చివరిసారిగా చెబుతూ ఉండింది.

"వచ్చే మనిషి ఎవరో మీకు చెప్పను. అరుస్తాది, లేకపోతే అరుస్తాడు. ముందు కుర్చీ వెయ్యండి, నీళ్ళు ఇయ్యండి. నడుమ అడ్డం మాట్లాడొద్దు. ఆ మనిషి చెప్పినదాన్ని మీ నోటితో తిరిగి చెప్పండి, విన్నామని తెలియల్ల. ఇంకొకటి. కోపమొచ్చినోళ్ళు ‘నేనెవరో తెలుసా’ అంటారు. ఒకరు కలెక్టరు బంధువంటారు, ఒకరు పేపరాయన అంటారు. నమ్మొద్దు, కాదనొద్దు. కలెక్టరుకు ఏ కుర్చీ వేస్తామో కూలి మనిషికీ అదే కుర్చీ. మర్యాదకు సైజులుండవు."

మాట ముగిసేలోగా తలుపు ధడేలున తెరుచుకొంది. గడపమీద సన్నని పెద్దావిడ ఒకామె, ఒక కాలికి చెప్పు, రెండవ చెప్పు చేతిలో.

"ఇక్కడ బాధ్యత గల మనిషి ఎవరు?"

మసరత్ ఎదురుచూసినది మగగొంతు. ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే మనసు మూలన దాచిన మాట పైకి తీసింది. మామకు కుదరలేదు, పక్కింటి హెడ్మిస్ట్రెసమ్మను పంపాడు! ఫోను చేసి చూసింది. ఆఫ్‌లో ఉంది. పరీక్షకుడు ఇంకా హోటల్లో దోసె తింటున్నాడు. పోనీ, ఆయన వచ్చేలోగా ఒక రిహార్సల్ అవుతుందని ఆమె గది వెనుకకు పోయి చేతులు కట్టుకొని నిలబడింది.

"మేమే మేడం. నమస్కారం," అన్నది హాసిని. వలి బాషా కుర్చీ తెచ్చాడు. ఫిర్దోస్ నీళ్ళు తెచ్చింది.

"నాకు కుర్చీలు అక్కరలేదు! బస్టాండులో నాకు దిగడానికి చోటు ఇచ్చినవారు ఒక్కరూ లేరు. ఎవడో మనిషి నన్ను పక్కకు తోసి, వెనుక వచ్చే వాళ్ళను చూడకుండా ఎవరికో దండ వేస్తున్నాడు. నా చెప్పు తెగింది. నా సంచి బస్సులో పోయింది. మాత్రలు దానిలోనే ఉన్నాయి. ఈ ఊళ్ళో మనుషులకు కళ్ళు లేవా?"

ఏం చెప్పు! ఏం వివరం! మసరత్‌కు ఆనందం ఆగలేదు. మిక్సీ ఫిర్యాదు దీని ముందు ఎంత చప్పన! ఆమె మెల్లగా వచ్చి ఆ పెద్దావిడ చెవిలో, "శానా బాగుంది మేడం. కొంచెం గట్టిగా అరవండి, చివర బెంచీ వాళ్ళకు వినపడ్డంల్యా," అన్నది.

డాక్టర్ ఆండాళ్‌కు జీవితంలో ఎన్నోసార్లు మెల్లగా మాట్లాడమని చెప్పారు. గట్టిగా అరవమని ఎవరూ చెప్పి ఉండలేదు. ఆమె ఆ ఆశ్చర్యంలో కుర్చీలో కూర్చుండిపోయింది, మరుక్షణమే మరింత గట్టిగా అరిచింది.

"నేనెవరో తెలుసా మీకు? నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ని!"

బెంచీలలో ఒక మెచ్చుకోలు గుసగుస లేచింది. మేడం చెప్పినట్లే, చెప్పినట్లే! హాసిని చిరునవ్వు చెదరలేదు.

"సంతోషం మేడం. మీరు ఎవరైనా మాకు ఒకటే మేడం. మీ చెప్పు తెగింది, మీ సంచి బస్సులో పోయింది, మాత్రలు అందులోనే ఉండాయి, ఒకాయన మిమ్మల్ని తోసి మాటైనా అడగలే. ఇంకేమన్నా నేను మర్చిపోయినానా మేడం?"

"లేదు," అన్నది డాక్టర్ ఆండాళ్, తనకు తెలియకుండానే.

"మాత్రలు ముందు. ఏ మాత్ర మేడం? పేరు చెప్తే మందులంగడి నుంచి తెప్పిస్తా, మీరు వేసుకునే టైము దాటకూడదు."

ఫిర్దోస్ అప్పటికే ఫోనులో ఉంది. "అన్నా, ప్రొద్దుటూరు డిపోనా? పులివెందుల బస్సులో ఒక పెద్దమ్మ సంచి… రంగేంది మేడం? ముదురు పచ్చ, అన్నా… ఉండాదా? ఎదురొచ్చే జమ్మలమడుగు బస్సు డ్రైవరన్న చేతికిచ్చి పంపిస్తావా అన్నా? నీ పేరు చెప్పు, మేడంకు చెప్తా."

వలి బాషా నేలమీద మోకాళ్ళమీద కూర్చొని, పార్సిళ్ళు కుట్టే దబ్బనంతో చెప్పు వారు కుడుతున్నాడు. "ఇది ఇంటికి పోయేదాకానే నిలుస్తాది మేడం," అన్నాడు తల ఎత్తకుండా. "శాశ్వతంగా బాగైందని అబద్ధం చెప్పను. ఊళ్ళో మంచిగా కుట్టే ఆయన అంగడి చూపిస్తా."

డాక్టర్ ఆండాళ్ నీళ్ళు త్రాగింది. మాత్ర వచ్చింది, వేసికొంది. ఎదుట నిలబడిన ఆ ముగ్గురి ముఖాలనూ కళ్ళద్దాలు లేని కళ్ళతోనే చాలాసేపు చూసింది. ఆమెను ఇంతకుముందు చాలా ఊళ్ళలో చాలామంది ఆదరించారు. కాని అదంతా ఆమె చేతిలోని కలానికి జరిగిన ఆదరణ. ఆమె ఎవరో నమ్మకుండా, నమ్మనందుకు మర్యాదను వీసమెత్తు తగ్గించకుండా, ఒక తెగిన చెప్పుకు న్యాయం చేసిన గది ఇదే మొదటిది.

"ఇవన్నీ మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"మా మేడం. అద్గో, ఎనక నిలబడుండారు," అన్నది ఫిర్దోస్.

"మీరు అరుస్తుంటే మాకు శానా భయమేసింది మేడం," అని హాసిని ఉన్న మాట చెప్పింది. "అయినా మీ తప్పు లేదని మాకు తెలుస్తానే ఉండె."

ఆ మాటకు డాక్టర్ ఆండాళ్ ఆ రోజుకు మొదటిసారిగా నవ్వింది. అప్పుడే వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. ముందు సీతాపతిగారు, వెనుక దండ శాలువాలతో ఎక్స్‌టర్నల్, ఆయన వెనుక గ్రైండరు మోస్తున్న డ్రైవరు.

మసరత్ ముందు దండను చూసింది, తరువాత నల్లద్దాలను చూసింది, ఆ తరువాత నల్లద్దాల వెనుక ఉన్న మేనమామను చూసింది. ఆ వెంటనే కుర్చీలోని పెద్దావిడ ఎవరై ఉండాలో ఆమెకు తెలిసి వచ్చింది. గట్టిగా అరవమని తాను ఎవరి చెవిలో చెప్పిందో కూడా. ఆమె బెంచీ అంచు పట్టుకొంది. ఉద్యోగం, పీజీ, ఇన్ని ఆదివారాల చదువు, అన్నీ ఆ అంచు దాటి జారిపోతున్నట్లు అనిపించింది.

"ఏమ్మా, లెయ్యి ఆ కుర్చీలోనుంచి," అన్నారు సీతాపతిగారు డాక్టర్ ఆండాళ్‌తో. "సారు కూర్చోవల్ల."

"మీ మోచేయి నాకు గుర్తుంది," అన్నది ఆమె లేవకుండా. "ఉదయం నన్ను బస్సు మెట్టుమీదినుండి జరగమన్నది మీరే. నేను డాక్టర్ ఆండాళ్. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ని."

"బలే చెప్తివే! ఎక్స్‌టర్నల్ ఈయన."

"ఎవరప్పా ఎక్స్‌టర్నల్?" అన్నాడు కమాల్ బాషా నల్లద్దాలు తీసి. "నేను కస్టమర్ని."



"కస్టమరు… అంటే?" అన్నారు సీతాపతిగారు.

"నేను మసరత్‌కు మేనమామను. పులివెందుల డిపోలో కండక్టరు పని చేసి రిటైరైనా. మిక్సీ చెడిపోయిందని రచ్చ చేయమంటే వచ్చినా. నువ్వు గ్రైండరిచ్చి, దోసె పెట్టి, శాలువా కప్పితివి. మా మసరత్ నిన్ను కూడా బాగా తయారుచేసిందనుకున్యా, కాఫీ వచ్చేదాకా." ఇంతవరకు వేషపు కోపంగా ఉన్న ఆయన గొంతు ఇక్కడ మారింది. "హోటల్లో కాఫీ తాగుతా నువ్వు నాతో చెప్పిన మాట ఈడ అందరి ముందరా మళ్ళా చెప్పప్పా. కస్టమర్‌కు చెప్పినావు గదా, ఎగ్జామినరుకు చెప్పేదానికేమి?"

"ఏ మాట?" అన్నది డాక్టర్ ఆండాళ్.

"అదేం లేదు మేడం, ఊరికే…"

"ఊరికేనా? నేను చెప్తా. ‘నిరుడు ఆ యమ్మ పాఠం బాగానే చెప్పింది సార్, నేనే నిలిపేసినా. ఈసారి మీరు నిలిపెయ్యండి. ఆ పోస్టు కాళీ అయితే మా చెల్లెలు కొడుకు గిరీష్‌ను పెట్టుకుంటారు.’ ఇదీ మాట. నాకు చెయ్యి లేచిందమ్మా. కానీ వేషం ఇడిసిపెట్టొద్దని నా మేనకోడలు చెప్పింది గదా. దోసె మెత్తగా ఉండాదని అరిచి ఊరుకున్యా."

సీతాపతిగారి ముఖం మొదట ఎర్రబడి, ఆ తరువాత పాలిపోయింది. "ఇదంతా కుట్ర! నేనెవరో తెలుసా? యూనివర్సిటీకి రాస్తా! మీ కాలేజీ మీద…"

హాసిని ఫిర్దోస్‌ను చూసింది. ఫిర్దోస్ వలి బాషాను చూసింది. వలి బాషా మరొక కుర్చీ తెచ్చి వేశాడు.

"ముందు కూర్చోండి సార్," అన్నది హాసిని. "ఈ నీళ్ళు తాగండి. మీరు చెప్పేది మేము పూర్తిగా వింటాము."

సీతాపతిగారు కూర్చొన్నారు. నీళ్ళు త్రాగారు. చెప్పడానికి నోరు తెరిచారు. ఆ పిల్లలు నిజంగానే వినడానికి సిద్ధంగా నిలబడి ఉండడం చూసి, చెప్పదగినది ఏదీ తనవద్ద లేదని బహుశా మొదటిసారిగా గ్రహించి, నోరు మూసుకొన్నారు.

అంతలో జమ్మలమడుగు బస్సు డ్రైవరు పంపిన మనిషి ఒకడు ముదురుపచ్చ సంచి తెచ్చి ఇచ్చి పోయాడు. డాక్టర్ ఆండాళ్ కళ్ళద్దాలు పెట్టుకొని గదిని మరొకసారి మొదటినుండి చూసింది.

"మసరత్, ఇటు రండి."

మసరత్ వచ్చింది. "మేడం, నన్ను క్షమించండి. మిమ్మల్ని అరవమని…"

"దానికి ఒక మార్కు కోస్తాను. అది వేరే సంగతి. ఇప్పుడు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. నేను ఆ విధంగా అరుస్తూ ఉంటే మీరు ఒక్కసారి కూడా వచ్చి మీ పిల్లలను ఆదుకోలేదు. ఏ పుస్తకంలోనైనా అది ఉపాధ్యాయురాలి లోపం. ఎందుకు రాలేదు?"

మసరత్ పుస్తకాలన్నీ ఒకసారి తలచుకొని, వాటిని పక్కన పెట్టింది. "నేనొస్తే వాళ్ళు నా ముఖం చూస్తారు మేడం, మీ ముఖం చూడరు. రేపు అంగడిలో పనికి పోతే ఆడ నేనుండను. ఇంకోటి కూడా ఉంది. వాళ్ళు బాగా చేస్తాండారు. బాగా చేసేవాళ్ళను ఆదుకుంటే, మీకు చేతగాదని చెప్పినట్లయితాది."

డాక్టర్ ఆండాళ్ కొలువుకాలమంతా బోధన గురించి ఇతరులకు బోధిస్తూనే గడిచింది. ఈ జవాబు ఆమె ఎదుట కూర్చొన్న ఎందరో పండితులు చెప్పవలసి ఉండి చెప్పనిది.

"నేను ఈ రోజు పాఠం చూడలేదు," అన్నది ఆమె, గది అంతా వినేటట్లు. "పాఠం నామీద జరిగింది. అది సఫలమైనదని చెప్పడానికి నాకంటే మంచి సాక్షి లేడు. అమ్మా మసరత్, మీరు డిస్టింక్షన్‌లో ఉత్తీర్ణులయ్యారు. నిరుటి సంగతి తిరిగి విచారించమని నేనే విశ్వవిద్యాలయానికి తెలియజేస్తాను. సీతాపతిగారూ, ఆ గ్రైండరు అంగడికి తిరిగి పోతుంది. దానితోబాటు మీరూ వెళ్ళండి, దారిలో ఎవరినీ తోయవద్దు."

పిల్లలు చప్పట్లు కొట్టబోయి, తాము ఇంకా కౌంటరు వెనుక ఉన్నామని గుర్తుకు తెచ్చుకొని ఆగారు. మసరత్ మాత్రం ఏడ్చింది. ఏడుస్తూనే కువైట్‌కు ఫోను చేసి, "అయిపోయింది, సదువు అయిపోయింది," అన్నది. అటునుండి నయీం ఏమన్నాడో వినబడలేదు గాని, శాలువా మడత పెడుతున్న కమాల్ బాషాకు ఒక సంగతి తట్టింది. ఈ పూట తాను చేసినదంతా పరీక్షలో భాగమే కదా.

"మేడం, మరి నాకెన్ని మార్కులు?" అని అడిగాడు.

"మీరు తప్పారు," అన్నది డాక్టర్ ఆండాళ్. "కస్టమర్ వేషం వేయమంటే ఎక్స్‌టర్నల్ వేషం వేశారు."

కమాల్ బాషా కొంచెంసేపు ఆలోచించాడు. దండ, గ్రైండరు, రెండవ దోసె, వేడి కాఫీ, అన్నిటినీ నిజాయితీగా ఒకసారి మననం చేసికొన్నాడు.

"రెండిటికీ తేడా యాడుండాది మేడం?"

వృత్తిలో అడుగుపెట్టినది మొదలు ప్రశ్నలు అడుగుతూనే వచ్చిన ఆ పరీక్షకురాలు, ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం సున్నా మార్కులు తెచ్చుకొంది.